దిగని మనిషి

"ఏయ్ పొడుగోడా, మామగారొచ్చారు. దిగి దండం పెట్టు!"

పిల్లలు ఎగిరి గంతులేసే ట్రాంపోలిన్ హాలు గుమ్మం దగ్గర అంతా యజమాని అరుపుకి తలలెత్తారు.

కర్రకాళ్ల మీద నిలబడి కరపత్రాలు పంచుతున్న మనిషి మాత్రం దిగలేదు. నేలదాకా వేలాడే చారల లాగు సర్దుకుని, పైనుంచే చేతులు జోడించాడు.

"ఇక్కణ్నుంచే నమస్కారమండీ."

మామగారి ముందు యజమానికి తల కొట్టేసినట్టయింది. అసలే వీడి వాలకం అతనికి నచ్చదు. అన్నం కూడా గోడకానుకుని నిలబడే తింటాడు. వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ కర్రలు విప్పడు. వేషమంటే అంత మోజు కాబోలు!

పైగా పిల్లల్ని పోగేసుకుని కబుర్లు. నిన్న యజమాని కూతురే అతన్ని అడిగింది.

"మామయ్యా, ట్రాంపోలిన్ అంటే ఏంటి?"

"ఓ దూరదేశం భాషలో కర్రకాళ్లని ట్రాంపొలీ అంటారమ్మా. ఆ మాటే తిరిగి తిరిగి దీని పేరయింది."

"దీనికీ కర్రకాళ్లకీ ఏం సంబంధం?"

"రెండూ మనిషిని నేల మీంచి లేపుతాయిగా! సర్కస్‌లో ఊయలాట వాళ్లు కిందున్న వల మీద పడి ఎగురుతారే, అది చూసే దీన్ని తయారుచేశారట."

"నువ్వూ పడ్డావా?"

"పడ్డాను తల్లీ. నా వల తెగింది."

అతను నవ్వాడు. పిల్లలూ నవ్వారు.

ఇప్పుడు మాత్రం అతని మొహంలో నవ్వు లేదు.

"దిగితే నీ కాళ్లేం అరిగిపోవులే!" యజమాని గొంతు పెంచాడు. "దిగకపోతే రేపట్నుంచి రావద్దు."

"ఈ పనొక్కటే నన్ను మనిషిలా నిలబెట్టిందయ్యా. ఏమన్నా పడతాను, దిగమని మాత్రం అనకండి."

"ఎత్తున నిలబడేసరికి కళ్లు నెత్తికెక్కాయి. పో!"

టక్కు టక్కుమంటూ కర్రలు వీధి మలుపు తిరిగాయి.

ఆ తర్వాత పిల్లలు రావడం తగ్గింది. కూతురు తండ్రితో మాట్లాడటం మానేసింది. చివరికి యజమానే కాళ్లకి బలపం కట్టుకుని వీధులన్నీ తిరిగాడు. వడ్రంగి కొట్టు వెనక అతనుండే గది దొరికింది.

తలుపు తీసినావిడ కళ్లు వాచి ఉన్నాయి.

"మీ ఆయన్ని పనిలోకి రమ్మను తల్లీ. దిగక్కర్లేదని చెప్పు."

"ఆయన లేరండి. పని పోయాక ముద్ద ముట్టలేదు, మంచం దిగలేదు. మొన్న పోయారు."

ఆవిడ మూలనున్న కర్రల వైపు చెయ్యి చూపింది.

"ఆ కర్రలు మీరే పట్టుకెళ్లండి. నేను చూడలేను."

అతను వంగి ఒక కర్ర తీసుకుని, పాదం పెట్టుకునే పలక కోసం తడిమాడు.

పలక ఎక్కడా లేదు. మోకాలి కింద మిగిలిన కాస్త కాలూ దూర్చుకోవడానికి, దూది కుక్కిన తోలు తొడుగు మాత్రమే ఉంది.