ఏటని అరిసినావు?

“వద్దురా, లోతుందిరా అని గట్టిగా అరిసినాను. మీ నాన్న ఇన్లేదమ్మా” అన్నాడు నూకయ్య.

ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలోని అప్పలసూరి ఇంట్లో, ఏటా అతని తద్దినం నాడు నూకయ్య ఈ కథ చెబుతాడు. స్నేహితుడు కాంసాయి నదిలో మునిగిపోయి ఇరవై ఏళ్ళయింది.

అప్పలసూరి కూతురు మీనాకుమారి విస్తరి తీయబోతూ ఆగింది.

“పోయినేడు ‘ఎనక్కి రా’ అని అరిసినానన్నావు బాబాయ్. అంతకుముందు పేరెట్టి పిలిసినానన్నావు. నిజంగా ఏటని అరిసినావు?”

నూకయ్య మళ్ళీ మొదటినుంచీ చెప్పబోయాడు. ఎండ, ఒడ్డు, అవతలి ఇసుక దిబ్బ వరకూ వచ్చి ఆగాడు. ఇన్నేళ్ళూ ఈ కథలో తను కాపాడుకొస్తున్నది తననేనని అప్పుడు తెలిసింది.

“అరవలేదమ్మా. అంత దూరం ఈదలేవురా నువ్వు అని నవ్వినాను.”

మీనాకుమారి విస్తరి తీసి చేత్తో పట్టుకుని ఆయన వైపు తిరిగింది.

“మా గురించి ఆలోసించకుండా, మాట ఇనకుండా పోయినాడని నాన్న మీద కోపంతోనే పెరిగినాను.”

నూకయ్య తలవంచుకుని చెప్పుల కోసం లేచాడు. ఆమె గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“కూకో. నువ్వు నవ్వితే మా నాన్న ఏటన్నాడో, మొత్తం సెప్పు.”

ఈసారి బాబాయ్ అనలేదు.

ఆయన కూర్చున్నాడు.

“మీ నాన్న కూడా నవ్వినాడమ్మా. ‘సూడు మరి’ అన్నాడు.”

మీనాకుమారి విస్తరి కింద పెట్టి, ఆయనకి కాస్త దూరంగా కూర్చుంది. తండ్రి నవ్విన సంగతి ఆమెకు ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు.