ఖాళీ వదలని గడి

చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, మధ్యమధ్యలో చెయ్యి తుడుచుకుని కంప్యూటర్‌లో ఒక్కో పేరు ఎక్కిస్తోంది చెల్లెలు.

రక్తం ఇచ్చేవాళ్ల వివరాలు. తను చేరిన కంప్యూటర్ కోర్సులో మొదటి పాఠం అదే: ఒక డేటాబేస్ తెరవడం, అందులో ఒక టేబుల్ పెట్టడం. పూర్తయితే తామూ వాడుకుంటామని వీధి చివరి ఆసుపత్రి వాళ్లు అన్నారు.

పేరు, ఫోన్, గ్రూపు. మూడే గడులు. ఏదీ ఖాళీగా ఉండకూడదని షరతు కూడా తనే రాసింది.

"అమ్మాయ్, నా పేరూ రాసుకుంటావా?"

గుమ్మంలో నీళ్ల ట్యాంకులు కడిగే ఆయన. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి ఉంది.

"చెప్పు బాబాయ్." పేరు కొట్టింది. "ఫోన్ నంబరు?"

"నాకెందుకమ్మా ఫోను? ట్యాంకులో పడేసుకోడానికా?"

"నంబరు లేకపోతే తీసుకోదు."

"ఆ గడి వదిలెయ్."

"వదలకూడదు." అయినా ఒకసారి నొక్కి చూపించింది. ఎర్రక్షరాలు వచ్చాయి.

"అబ్బో, కసురుకుంటోందే!" ఆయన నవ్వాడు.

అన్నయ్య గదిలోంచి తొంగిచూశాడు. "మనిషి ఎదురుగా నిలబడితే లేడంటుందేమిటే నీ టేబులు?"

"రూలంటే రూలే అన్నయ్యా. ఒక్కరి కోసం మారుస్తామా?"

"పోన్లేమ్మా, నీ పని చెడగొట్టుకోకు." ఆయన బకెట్ తీసుకుని మెట్లు దిగాడు.

పదిహేను రోజులకు వదినకు ఆ వీధి చివరి ఆసుపత్రిలోనే కాన్పయింది. బిడ్డ బాగానే ఉంది. వదినకే రక్తస్రావం ఆగడం లేదు.

అన్నయ్య రొప్పుతూ ఇంటికొచ్చాడు. "ఓ నెగటివ్ రక్తం కావాలట. వాళ్ల దగ్గర నిల్వ లేదు. తొందరగా చూడవే!"

నూట పన్నెండు పేర్లు. వెతికింది. ఒక్క వరసా రాలేదు.

"మళ్లీ చూడు."

మళ్లీ అదే కొట్టింది. మళ్లీ ఏమీ రాలేదు.

"ఇంకొక్కసారి, తల్లీ..."

మూడోసారీ కొట్టింది.

ఫోన్ మోగింది. ఆసుపత్రి నర్సు. చెల్లెలు స్పీకర్‌లో పెట్టింది.

"ఏమ్మా, ఆయన నంబరు దొరికిందా? అన్నీ నీ టేబుల్లో ఉంటాయని మా పాత పుస్తకం తీసేశాం."

"ఎవరి నంబరు మేడమ్?"

"ఓ నెగటివ్ ఆయనది. మాకు తెలిసి ఈ చుట్టుపక్కల ఆ ఒక్కడే. పదహారుసార్లు ఇచ్చాడు. నీ దగ్గర పేరు రాయించుకోమని నేనే పంపాను."

అన్నయ్యే ఫోన్ లాక్కుని అడిగాడు, "ఎక్కడుంటాడండీ?"

"ఇల్లెక్కడో తెలీదు బాబూ, నీళ్ల ట్యాంకులు కడుక్కుంటూ తిరుగుతుంటాడు" అని అవతల నర్సు చెబుతూండగానే, అన్నయ్య ఫోన్ బల్ల మీద పెట్టి, చెల్లెలి వంక చూడకుండా, ఆయన్ని వెతుక్కుంటూ గడప దాటి వెళ్లిపోయాడు.