పక్కన వదిలిన చోటు

రిటైర్డ్ నర్సు దయామణి మదనపల్లెలోని గౌతమ్ స్టూడియోలో మూడు ఫొటోలు ప్రింటుకు ఇచ్చింది. జపాన్‌లోని క్యోటో, నారా, తకయామా ఊళ్లలో తీసినవి. మూడింటిలోనూ ఆమె ఒక పక్కన ఉంది. రెండో పక్క ఖాళీ.

జపాన్‌కు ఇద్దరికీ టికెట్లు తీశాక భర్త జయరత్నం చనిపోయాడు. ఆమె ఒక్కతే వెళ్లొచ్చింది.

చనిపోయినవారిని పెళ్లి ఫొటోల్లో చేర్చడం గౌతమ్‌కు అలవాటైన పని. అడక్కుండానే జయరత్నాన్ని ఆ ఖాళీల్లో నిలబెట్టాడు.

"సార్‌కు కోటు గూడా తొడిగినా సూడమ్మా. ఆడ సలి గదా!"

"ఎవరు పెట్టమన్న్యారప్పా? ఆయన్ను వదిలేసి పోతినే అని నేను ఏడుస్తాంటే!"

"సార్ కోసమే గదమ్మా మీరు చోటు వదిలి నిలబడింది?"

"నేను యాడా వదల్లేదు. తీసినోళ్లంతా దారిన పోయేవాళ్లు. వాళ్ల భాష నాకు రాదు. ఫోన్ చేతికిచ్చి ఊరకుంటి."

గౌతమ్ మూడు ఫొటోలూ వరసగా పెట్టి చూశాడు. మూడు ఊళ్లు. తీసినవాళ్లు ముగ్గురు.

"తకయామాలో తీసింది ఒక ముసలాయన," అంది దయామణి. "ఫోన్ తిరిగిచ్చి, వంగి నాకు దండం పెట్టినాడు. మళ్లా నా పక్కనుండే ఖాళీ దిక్కు తిరిగి ఇంకోసారి వంగినాడు. వాళ్ల పద్ధతేమో అనుకుంటినప్పా."