విప్పని మడత

ఆదివారం హాస్టల్‌కు వచ్చిన స్రవంతి, కూతురు ఈక్షితను నిలబెట్టి యూనిఫాం లంగా చూసింది. పెరిగే పిల్ల కదా అని అంచు లోపలికి మడిచి కుట్టించిన లంగా అది. ఏడాదైనా ఆ మడత విప్పే అవసరం రాలేదు.

"ఎదుగుదల ఆగేందుకు అందరికీ సూది వేశామమ్మా," అంది వార్డెన్. "ఎముకలు సాగే వయసులో ఆకలీ నిద్రా ఎక్కువ, చదువు పాడవుతుంది. ర్యాంకు వచ్చాక విరుగుడు వేస్తాం."

"ఈలోపు మోకాళ్ల దగ్గర మెత్తటి ఎముక ముదిరిపోతే, ఇంకేం సాగుతుంది మేడమ్?"

"ర్యాంకొస్తే పొడుగెవరు చూస్తారండీ?"

స్రవంతి సంచిలోంచి కత్తెర తీసి, కింద కూర్చుని మడత కుట్టంతా విప్పేసింది. లంగా నేల మీద జీరాడింది.

"విరుగుడు ఇప్పుడే వెయ్యండి. ఈ లంగా పొట్టిదయ్యేదాకా నా పిల్ల ఇంట్లో కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోతుంది."