పొగాయన ఇల్లు

ఆ ఉదయం మబ్బు కురవనూ లేదు, విడవనూ లేదు. ఇళ్ల కప్పుల మీద తడిగుడ్డలా వేలాడుతోంది. అలాంటి రోజున పొగ పైకి పోదు, నేలబారుగా తిరుగుతుంది. అది చూస్తే అతనికి కాలు ఒకచోట నిలవదు.

వీధిలో అతన్ని పొగాయన అంటారు. బీడీ కూడా ముట్టని మనిషి. ఇళ్లకూ దుకాణాలకూ పొగ పసిగట్టే అలారాలు బిగించడం, బిగించినవాటికి దుమ్ము దులిపి, బ్యాటరీ మార్చి, మీట నొక్కి అరిపించి చూడడం అతని పని.

వ్యాను ఎక్కుతూనే ఫోను తీశాడు. వీడియో కాల్. మోగి మోగి ఆగిపోయింది.

"మళ్లీనా?" అన్నాడు డ్రైవరు. షాపులో కొత్తగా చేరాడు, నోటికి తాళం లేదు. "అందరిలా మామూలు ఫోను చెయ్యకూడదూ? ముఖం చూసుకుంటే తప్ప ముద్ద దిగదా? కొత్త పెళ్లికొడుకు నయం."

పొగాయన ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"వదినగారు అలిగినట్టున్నారే."

"ఊఁ."

అలగడానికి కారణం లేకపోలేదు. పోయిన వారం పొయ్యి పక్కనున్న మసిగుడ్డ అంటుకుంది. అతను తన చేత్తో బిగించిన అలారం వీధి చివరిదాకా వినపడేలా అరిచింది. కొత్తగా అద్దెకు దిగిన పక్కింటాయన తలుపు బాది బాది, చివరికి పెరటివైపు నుంచి దూరి బిందెడు నీళ్లు కుమ్మరించాడు.

"మీ ఆవిడది మహా నిబ్బరం బాబూ," అన్నాడు ఆ సాయంత్రం. "వంటిల్లు తగలబడుతుంటే పక్కగదిలో పాపకు జడ వేస్తోంది."

పొగాయన భార్య మీద మండిపడ్డాడు. ఆమె గరిటె పక్కన పెట్టి, అంతకు రెండింతలు తిరిగి ఇచ్చింది. తప్పు నాది కాదు, నీ అలారానిది అంది. ఆలోచిస్తే నిజమే అనిపించింది. అప్పటినుంచి ఇద్దరి మధ్యా ముక్తసరి మాటలే.

అమ్మ ఉన్నన్నాళ్లూ ఈ దిగులు లేదు. అలారం కిక్కుమంటే చాలు, చెంబు పట్టుకుని పరిగెత్తేది. చెల్లెలి పురిటికని అమ్మ వెళ్లింది. అతని నిద్ర కూడా ఆమె వెంటే వెళ్లింది.

మొదటి ఇల్లు ఒక ముసలావిడది. నడవలోకి వెళ్లి తలెత్తి చూశాడు. అలారానికి ప్లాస్టిక్ సంచి తొడిగి, రబ్బరు బ్యాండు వేసి ఉంది.

"ఇదేంటమ్మా, దీని మూతికి సంచి కట్టారు?"

"ఏం చెయ్యమంటావు నాయనా. నూనె కాగితే అరుపు, రొట్టె మాడితే అరుపు. మా అత్తగారు కూడా ఇంత రచ్చ చేసేది కాదు."

అతను సంచి విప్పి, పొయ్యి ఆవిరి తగలని చోటికి దాన్ని మార్చాడు. మూలకి పెట్టలేదు, మూలల్లోకి పొగ తొందరగా చేరదు. ముసలావిడ కింద నిలబడి స్క్రూలు అందించింది.

"మీ ఇంట్లో ఉందా ఇది?"

"ఉందమ్మా. అరిచినా మావాళ్లు పట్టించుకోరు."

"మరి నన్నంటావేం?"

అతను నిచ్చెన మడిచాడు. బయటికొచ్చి మళ్లీ ఫోను చేశాడు. ఎత్తలేదు.

"ఇంటికి పోనీ," అన్నాడు డ్రైవరుతో.

"బేకరీ మిగిలింది కదా?"

"రేపు."

వ్యాను వెనక గోనె కింద ఒక అట్టపెట్టె ఉంది. షాపు యజమానిని బతిమాలి అతను ప్రత్యేకంగా తెప్పించుకున్నది, ఇవాళే వచ్చింది. గతుకు తగిలినప్పుడల్లా వెనక్కి తిరిగి దాన్ని చూసుకున్నాడు.

వీధి మలుపు తిరగగానే పొగ కనిపించింది. తన ఇంటి వైపే.

వ్యాను ఆగకముందే దూకాడు. పెట్టె చంకలో, చెప్పు ఒకటి దారిలో. పరిగెత్తి చూస్తే పక్కింటాయన ఎండుటాకులు కుప్పేసి అంటించాడు.

"నీ ఇల్లు కాదులే బాబూ, ఊపిరి పీల్చుకో."

వంటింటి గుమ్మంలో నిలబడి లైటు వేసి ఆర్పాడు. పొయ్యి ముందున్న భార్య తిరిగి చూసింది.

"ఫోనేదీ?"

ఆమె గరిటె పక్కన పెట్టింది. "పాప ఆటలాడి ఛార్జింగ్ అవగొట్టింది. కావాలని ఎత్తలేదనుకున్నావా?"

"అనుకున్నాను."

"అనుకో."

అతను నిచ్చెన వేసి పాత అలారం ఊడదీశాడు. కొత్తది బిగిస్తుంటే ఆమె కింద నుంచి ఏదో అడిగింది. రెండు చేతులూ పనిలో ఉండి జవాబు ఇవ్వలేకపోయాడు. దిగి, పెట్టెలో మిగిలిన అరచేతంత బిళ్లలను తలగడల కింద సర్దాడు.

"ఇద్దరూ లోపల పడుకోండి. కళ్లు మూసుకోండి. దొంగచూపులు వద్దు."

కాగితం అంచు వెలిగించి, ఆర్పి, పొగను కప్పు కిందికి పట్టాడు. ఈ రకం అలారం పొగ తగలడమే ఆలస్యం, పట్టేస్తుందని షాపులో చెప్పారు. చెప్పడానికేం, అన్నిటికీ అలాగే చెబుతారు.

లోపల తలగడలు గడగడా అదిరాయి, మంచం కిర్రుమంది. పాప ముందు, తల్లి వెనక, జుట్టు రేగిపోయి పరిగెత్తుకొచ్చారు. పాప వచ్చి అతని నడుము పట్టేసుకుంది. పెరటి అవతల పక్కింటాయన తలైనా తిప్పలేదు, ఆకులు ఎగదోసుకుంటూనే ఉన్నాడు.

పొగాయన నిచ్చెన మెట్టు మీద కూలబడ్డాడు.

"ఇంకోసారి," అంది పాప.

"అన్నం తిన్నాక."

భార్య కంచాలు పెట్టింది. అడగకుండానే అతని కంచంలో రెండో గరిటె వేసింది. ముగ్గురూ చేతులు కడుక్కుని కూర్చున్నారు. కిటికీలోంచి మబ్బు వెలుతురు పడుతుంటే, ఒక్క మాటైనా లేకుండా తిన్నారు.

పుట్టుకతో చెవులు వినపడని ఆ తల్లీకూతుళ్లకు మాటలన్నీ చేతులతోనే, ఎంగిలి చేత్తో మాట్లాడడం ఆ ఇంట్లో మర్యాద కాదు.