ఎదుటి కుర్చీ

"సత్యా, కూర్చో."

సత్యకుమారి కూర్చోలేదు.

బల్ల మీద రెండు ప్లేట్లు, వేయించిన చేపలు, నిమ్మచెక్కలు, చల్లటి ఫ్రెంచి వైట్ వైన్. రెండో గ్లాసులో మాత్రం నిమ్మరసం. ఆమె తాగదని మేడం విడిగా కలిపింది.

"వద్దు మేడం. నేను లోపల తింటాను."

అరబ్బు దేశంలో, సీఫ్‌ అనే పేటలో ఆ పెద్ద ఇంట్లో సత్యకుమారి పనికి చేరి ఏడాది కావస్తోంది. ఏజెన్సీవాడు గేటు దగ్గర దింపి పోయాడు. తలుపు తీసినావిడ దొరసాని, నెరిసిన జుట్టు, నీలికళ్ళు. ఇంట్లో మరో మనిషి లేరు. సారు లండన్‌లో ఉంటాడని విన్నది, అంతే. ఇక ఈవిడ మేడం కాక మరెవరు?

మేడం వంటింట్లో గరిటె ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. గొప్పవాళ్ళకి అదో సరదా కాబోలనుకుంది. మేడ మీద అన్ని గదులుంటే కింద చిన్నగదిలో పడుకునేది. మోకాళ్ళ నొప్పులు కాబోలనుకుంది.

శుక్రవారం వచ్చిందంటే మాత్రం ఈ గొడవ తప్పేది కాదు.

ఆ వైన్ మేడం సొంతూరిదట, సముద్రం పక్కనేనట. పచ్చిమామిడి పులుపులా నాలుకకి తగులుతుందని, చేపలూ రొయ్యలూ ఆల్చిప్పలూ మేకపాల చీజూ దానికి బాగా కుదురుతాయని, మాంసం పెడితే పాపం దాని నోరు నొక్కేసినట్టేనని వచ్చీరాని హిందీలో చెప్పేది.

"ఒక్కదాన్నే తాగితే దీనికి రుచి రాదు సత్యా. ఎదురుగా ఎవరో ఒకరు తింటుండాలి."

సత్యకుమారి తల దించుకునేది.

ఆమె భయం ఆమెది. ముహర్రక్‌లో మొదటి ఇంట్లో నడుం పట్టేసి సోఫాలో కాసేపు కూలబడినందుకే పని పోయింది. మళ్ళీ అలాంటి మాట వినబడితే విమానం ఎక్కించేస్తానని ఏజెన్సీవాడు తెగేసి చెప్పాడు. ఇవాళ నవ్వుతూ కూర్చోమంటారు, రేపు కోపమొస్తే అదే నేరమంటారు. మనకెందుకొచ్చిన గొడవ?

ఒక శుక్రవారం మేడం తన ప్లేటు పట్టుకుని వంటింట్లోకే వచ్చింది. నేల మీద తింటున్న సత్యకుమారి చటుక్కున లేచి, ఎంగిలిచేత్తో గోడకి ఆనుకుని నిలబడింది. ఎంత చెప్పినా మళ్ళీ కూర్చోలేదు.

కాసేపు చూసి మేడం తన ప్లేటుతో వెనక్కి వెళ్ళిపోయింది. ఆ రోజు చేపలన్నీ అలాగే మిగిలాయి.

ఆ వారంలోనే మేడంకి గుండెనొప్పి వచ్చింది. అంబులెన్సు ఎక్కిస్తుంటే, శుక్రవారానికి వచ్చేస్తానంది.

ఖాళీ ఇల్లు సత్యకుమారిని తినేసింది. మేడం ముఖమే కళ్ళ ముందు మెదిలింది. అంత ప్రేమగా పిలిచే మనిషిని ఎంత బాధపెట్టిందో తలుచుకుని ఏడ్చింది. పోతే పోయింది పాడు పని, ఈసారి కూర్చుంటానని గట్టిగా అనుకుంది.

శుక్రవారం పొద్దున్నే జిదాఫ్స్ బజారుకెళ్ళి రొయ్యలు తెచ్చింది. సీసా ఫ్రిజ్‌లో పెట్టింది. బల్ల మీద రెండు ప్లేట్లు పెట్టి, తన కుర్చీ తనే లాక్కుని చూసుకుంది.

గేటు దగ్గర కారు ఆగింది.

దిగింది మేడం కాదు. ఎవరో మన దేశపావిడ, నేతచీరలో, ప్రయాణపు బడలికతో ఉంది. తన దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసుకుని నేరుగా లోపలికి వచ్చింది.

"మేడం ఆస్పత్రిలో ఉన్నారండీ," అంది సత్యకుమారి హిందీలో, కంగారుగా. "ఇవాళ వచ్చేస్తారు."

ఆవిడ ప్లేట్ల వంక చూసింది. కళ్ళు తుడుచుకుంది.

"మరియాన్ రాదమ్మా. తెల్లవారుజామున పోయింది."

"మేడం... మా మేడం..." అంటూ సత్యకుమారి కుర్చీ పట్టుకుంది.

ఆవిడ దగ్గరకొచ్చి భుజం మీద చెయ్యి వేసింది.

"ఈ ఇంటి మేడంని నేను, సారుతో లండన్‌లో ఉంటాను. మరియాన్ మా వంటమనిషి, నీలాగే ఒంటరిగా ఈ దేశానికి పనికోసం వచ్చింది."