బోణీ కాకముందు

కటక్ బజారులో బోణీ కాకముందు సరుకు వాపసిస్తే దుకాణానికి అరిష్టమంటారు. అది తెలిసీ, పదో తరగతి చదివే ఇతిశ్రీ పాలపొడి డబ్బాను గల్లాపెట్టె ముందు పెట్టింది.

“దీని గడువు తీరిపోయింది మావుసీ. తేదీ చూడకుండా కొన్నాను. ఆ పాలు తాగి మా తమ్ముడు ఆస్పత్రిలో ఉన్నాడు.”

జగన్నాథుడి పటానికి అగరొత్తులు తిప్పుతున్న కుంతల మండిపడింది.

“పొద్దున్నే నా కొట్టుకి శని పట్టిస్తావుటే? నీ డబ్బులు ఎక్కడికీ పోవు. బోణీ అయ్యాక తగలడు!”

ఇతిశ్రీ అయినా కదల్లేదు.

“నాకు డబ్బులొద్దు మావుసీ. ఆ వరసలోని మిగతా డబ్బాలూ అలాంటివే. వాటితో అయ్యే బోణీ ఆపుదామనే పరిగెత్తుకొచ్చాను.”

కుంతల వెనక్కి తిరిగింది. చంకలో చంటిబిడ్డతో ఒకామె అదే వరసలోంచి మరో డబ్బా తీసుకుంటోంది.